మందల గాలికుంటు ఎంతున్నది? కంటికి కనపడ్డదే లెక్క కాదు

"మీ ఊర్ల గాలికుంటు ఉన్నదా?" అని అడిగితె మన దిక్కు చానమంది చెప్పే జవాబు ఒక్కటే. "నిరుడు వచ్చింది, ఈ ఏడు లేదు." ఇంకొందరైతే "మాయి అడవిల మేసే నాటు పసులు, వాటికేం రోగం" అంటరు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి, ఏ దిక్కు పొయ్యి అడిగినా గిదే మాట.

వాళ్లు అబద్ధం చెప్తలేరు. కంటికి కనపడ్డది చెప్తున్నరు. కానీ ఈ రోగం కంటికి కనపడేది తక్కువ, మందల తిరిగేది ఎక్కువ. ఎంత ఎక్కువ? గా సంగతి ఎట్ల తెలుసుకోవాలె? తెలుసుకుంటె మనకొచ్చే లాభం ఏంది? ఈ మూడు ముచ్చట్లు చెప్పేటందుకే ఇది రాస్తున్న. నేను పశువుల డాక్టర్ను కాదు. పుస్తకాలు చదివి, డాక్టర్లను అడిగి, గూడేలు తిరిగి నేర్చుకున్నోన్ని. నాకు అర్థమైన తీరుగనే మీకు చెప్త.

రోగం ఏంది?

గాలికుంటు ఒక వైరస్ రోగం. గిట్టలు చీలి ఉండే జంతువులన్నిటికీ వస్తది. ఆవు, ఎద్దు, బర్రె, మేక, గొర్రె, పంది, అడవిల ఉండే దున్న, దుప్పి, అడవిపంది, ఏదీ తప్పించుకోలేదు. గుర్రానికి, కుక్కకు, కోడికి రాదు. మనుషులకు దీంతోటి భయం లేదు.

జొరం వస్తది. నాలుక మీద, చిగుర్ల మీద, గిట్టల సందున, చన్ల మీద పొక్కులు లేస్తయి. అవి పగిలి పుండ్లయితయి. నోట్లెకెళ్లి చొంగ తీగలు తీగలుగ కారుతది. మేత ముట్టది. కుంటుతది. పెద్ద పసులు చచ్చేది తక్కువ, నూటికి ఒకటి నుంచి అయిదు దాక. లేగదూడలకైతే గుండెను పడ్తది, నిలబడ్డ దూడ నిలబడ్డట్టే పడిపోతది. నోట్ల ఒక్క పొక్కు లేకున్నా దూడ సావొచ్చు. అందుకే చాన ఊర్లల్ల దూడ సచ్చింది గాలికుంటుతోటి అని ఎవరికీ తెల్వది. "ఏదో దిష్టి తగిలింది" అంటరు, పూడుస్తరు.

దీన్ని చిన్న రోగం అనుకోవద్దు. 1898ల జర్మనీల లోఫ్లర్, ఫ్రోష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇది బ్యాక్టీరియా కంటె చిన్న దాంతోటి వస్తదని తేల్చిండ్రు. జంతువుల్ల వైరస్‌తోటి రోగం వస్తదని లోకానికి మొట్టమొదట తెలిసింది గాలికుంటుతోటే. ఇన్నేండ్లయినా ఇది పోలే. ప్రపంచంల ఉన్న పశుసంపదల నూటికి 77 వంతులు ఈ వైరస్ తిరిగే దేశాలల్లనే ఉన్నయని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెప్తది. ఆ దేశాలు ఏవో చూడుండ్రి. ఆఫ్రికా, ఆసియా, పడమటి ఆసియా, దక్షిణ అమెరికాల కొంచెం. అంటె పేదోళ్ల దేశాలు. పైసలున్న దేశాలు దీన్ని ఎప్పుడో ఎల్లగొట్టుకున్నయి.

రోగంల రకాలు, సూదిల రకాలు

ఈ వైరస్‌ల ఏడు రకాలున్నయి. మన దేశంల ఇప్పుడు తిరిగేయి మూడు: ఓ, ఏ, ఆసియా-1. 'సి' అనే నాలుగోది 1995 తర్వాత మన దేశంల కనపడలే. మన దగ్గర ఎక్కువ సార్లు లేచేది 'ఓ' రకం. ఒక రకం వచ్చిపోయిన పసికి ఇంకో రకం రాదని లేదు. "మా ఎద్దుకు ఒకసారి వచ్చింది, ఇగ రాదు" అనేది అందుకే తప్పు.

మనకిచ్చే సూదిల ఈ మూడు రకాలకూ మందు ఉంటది. సచ్చిన వైరస్‌తోటి చేస్తరు కాబట్టి దాంతోటి రోగం రాదు. సూది ఏసినంక ఒకట్రెండు రోజులు జొరం, సూది కాడ వాపు, పాలు కొంచెం తగ్గుడు ఉంటది. అది రోగం కాదు, ఒంట్ల రక్షణ తయారైతున్న గుర్తు. కానీ ఆ రక్షణ ఆరు నెలల కంటె ఎక్కువ ఉండది. అందుకే ఏడాదికి రెండుసార్లు ఎయ్యాలె. దూడకు నాలుగు నెలలు నిండినంక మొదటి సూది, నెల తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఆరు నెలలకొకటి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంల ఉండాలె. ఎండల పెడితె పనికిరాదు, గడ్డ కట్టినా పనికిరాదు.

ఈ సూదులు తయారుచేసే దేశంల పెద్ద కంపెనీలల్ల ఒకటి హైదరాబాద్‌ల ఉన్నది, ఇండియన్ ఇమ్యునలాజికల్స్. 1982ల జాతీయ పాడి అభివృద్ధి బోర్డు పెట్టింది. అంటె మందు మన రాష్ట్రంలనే తయారైతది. దేశాలు దాటి పోతది. కానీ వాగు దాటి మన గూడేనికి రావాలంటెనే కష్టం.

మూడు లెక్కలు

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దం. ఒక మందల రోగం ఎంతున్నదని చెప్పేటందుకు మూడు లెక్కలుంటయి. కంటి లెక్క, కాగితం లెక్క, రక్తం లెక్క.

కంటి లెక్క అంటె మనం చూసింది. చొంగ కార్చింది ఎన్ని, కుంటింది ఎన్ని. కాగితం లెక్క అంటె మనం చూసినదాంట్ల ఆస్పత్రికి చెప్పింది, వాళ్లు రాసుకున్నది. రక్తం లెక్క అంటె పసి రక్తం తీసి పరీక్ష చేస్తె తెలిసేది.

కాగితం లెక్క ఎప్పుడైనా కంటి లెక్క కంటె తక్కువ ఉంటది. గూడెంల పది పసులకు వస్తె ఆస్పత్రికి చెప్పేది ఎంతమంది? పది కిలోమీటర్లు నడిచి పొయ్యి "మా ఎద్దు కుంటుతున్నది" అని చెప్పొచ్చేటోళ్లు ఎంతమంది? కంటి లెక్కేమో రక్తం లెక్క కంటె తక్కువ ఉంటది. అది ఎందుకో చెప్త.

మన అడవి అంచున ఉండేయి ఎక్కువ నాటు పసులు. జెర్సీ, హెచ్‌ఎఫ్ లాంటి సంకర ఆవులకు గాలికుంటు గట్టిగ పడ్తది, పడుకుంటె లెవ్వది, పాలు బంద్ అయితయి. నాటు పసికి అదే వైరస్ సోకినా చానసార్లు తేలికగ పోతది. ఒకరోజు మేత తగ్గిస్తది, రెండు రోజులు కాలు ఈడుస్తది, మళ్ల మామూలు. మేకలు, గొర్లకైతే ఇంకా తేలికగ ఉంటది. పొద్దుగాల్ల ఇడిస్తె మాపటికి వచ్చే మందల, నోరు తెరిచి చూసేటోడు ఎవడు? ఎండకాలం వారాల కొద్దీ అడవిలనే ఉండే ఎడ్లనైతే అసలు చూసేదే లేదు.

ఇంకో ముచ్చట. రోగం బయటపడక ముందే, రెండు మూడు రోజుల ముందు నుంచే పసి వైరస్‌ను ఇడుస్తది. తగ్గినంక కొన్ని ఆవులు, బర్రెల గొంతుల వైరస్ నెలల తరబడి, కొన్నిట్ల ఏండ్ల తరబడి దాక్కుంటది. అవి చూసేటందుకు మంచిగనే ఉంటయి. కాబట్టి "మా నాటు పసులకు రాదు" అనే మాట తప్పు. వస్తది, మనకు చెప్పది. తేలికగ పోయింది గదా ఇగ బాధేంది అంటరేమో. బాధ ఏందంటె, తేలికగ మోసిన పసి నుంచి గట్టిగ పడే పసికి అంటుతది. మేక నుంచి బర్రెకు, బర్రె నుంచి దూడకు, మన గూడెం నుంచి మైదానంల పాడి రైతు కొట్టానికి పోతది.

రక్తం ఎట్ల చెప్తది?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రోగం వచ్చిన పసి రక్తంల దాన్ని ఎదిరించే ప్రోటీన్లు, అంటె యాంటీబాడీలు ఉంటయి. సూది పడ్డ పసి రక్తంల గూడ ఉంటయి. మరి ఈ యాంటీబాడీలు రోగంతోటి వచ్చినయా, సూదితోటి వచ్చినయా అని ఎట్ల తెలుస్తది?

దీనికి శాస్త్రవేత్తలు మంచి ఉపాయం చేసిండ్రు. వైరస్‌కు పైన ఒక తొడుగు ఉంటది. సూది మందుల ఉండేది ఎక్కువ ఆ తొడుగే. బతికున్న వైరస్ మాత్రం పసి ఒంట్ల చేరి పిల్లలు పెట్టేటప్పుడు ఇంకొన్ని పనిముట్లు తయారు చేసుకుంటది, అవి తొడుగుల ఉండయి. సూది మందు తయారుచేసేటప్పుడు ఆ పనిముట్లను వడకట్టి తీసేస్తరు. కాబట్టి తొడుగును ఎదిరించే యాంటీబాడీలు ఉంటె అది సూదితోటి కావొచ్చు, రోగంతోటి కావొచ్చు. పనిముట్లను ఎదిరించేయి గూడ ఉంటె ఆ పసికి నిజంగ రోగం సోకింది అన్నట్టు. అడవిల మన అడుగు, పులి అడుగు రెండూ మట్టిల పడ్తయి. అడుగు తీరు చూసి ఏది పులిదో చెప్తరు గదా, గిది గూడ అట్లనే.

ఈ పరీక్షలు చేసే పెద్ద సంస్థ ఉత్తరాఖండ్‌ల ముక్తేశ్వర్‌ల ఉండేది. ఇప్పుడు ఒడిశాల భువనేశ్వర్ దగ్గర ఉన్నది. దేశమంతటి నుంచి రక్తం నమూనాలు పరీక్షకు తీస్తరు. రాష్ట్రాలల్ల గూడ ల్యాబులున్నయి.

ఒక జాగ్రత్త. ఈ యాంటీబాడీలు చాన కాలం ఉంటయి. ఎనిమిదేండ్ల ఎద్దు రక్తంల దొరికితె రోగం నిన్న వచ్చిందో, అయిదేండ్ల కింద వచ్చిందో చెప్పలేం. అందుకే తెలివైన లెక్క ఏందంటె ఏడాది, ఏడాదిన్నర ఈడు పసుల రక్తం చూసుడు. తల్లి పాలతోటి వచ్చిన రక్షణ అప్పటికి పోయి ఉంటది. గా ఈడు దూడల రక్తంల రోగం గుర్తు దొరికితె, అది పుట్టినంకనే ఆ మందల వైరస్ తిరిగింది అని ఖాయం. "నిరుడు మా ఊర్ల రాలే" అన్న మాట నిజమా కాదా అనేది ఆ దూడ చెప్తది.

ఎన్ని పసుల్ని చూడాలె?

"మా ఊరికొచ్చి మూడు పసుల రక్తం తీస్కపోయిండ్రు, ఏం లేదన్నరు" అని ఎవరన్న చెప్తె సంబురపడొద్దు. లెక్క చూడుండ్రి.

ఒక పెద్ద మందల నూటికి 20 పసులకు రోగం సోకి ఉన్నదనుకుందాం. ఏరకుండ మూడిటిని పట్టుకుంటె మూడూ మంచియే తగిలే అవకాశం ఎంత? ఒక్కటి మంచిది తగిలే అవకాశం 0.8. మూడుసార్లు హెచ్చవేస్తె 0.51. అంటె రెండుసార్లల్ల ఒకసారి రోగం ఉన్నా "ఏం లేదు" అని వస్తది. బొమ్మా బొరుసా ఎగరేసినట్టే. పది పసుల్ని చూస్తె ఆ మోసం పదిసార్లల్ల ఒకసారికి తగ్గుతది.

రోగం నూటికి పదికే ఉంటె? అప్పుడు పది పసుల్ని చూసినా మూడుసార్లల్ల ఒకసారి మనకు దొరకది. నూటికి 95 వంతుల నమ్మకంగ చెప్పాలంటె 29 పసుల రక్తం తియ్యాలె. రోగం తగ్గుతున్న కొద్దీ దాన్ని పట్టుకునేటందుకు ఎక్కువ పసుల్ని వెతకాలె. ఇది తలకిందులుగ అనిపిస్తది గానీ నిజం. రోగం తగ్గింది కాబట్టి వెతుకుడు తగ్గిద్దాం అంటె, అక్కడ్నే అది మళ్ల లేస్తది.

ఇంకోటి, ఏ పసుల్ని పట్టుకుంటరు అనేది. రోడ్డు మీద కట్టేసి దొరికే పాడి బర్రె రక్తం తీసుడు సులువు. అడవిల తిరిగే కోడె రక్తం తీసుడు కష్టం. సులువైనయే తీస్తె, సులువైన పసుల లెక్కే వస్తది. మన మంద లెక్క రాదు.

సగటు చేసే మోసం

2019 సెప్టెంబర్‌ల మథురల ప్రధానమంత్రి జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిండు. గాలికుంటుకు, బ్రూసెల్లాకు కలిపి అయిదేండ్లకు 13 వేల కోట్ల పైన. ఆవులు, బర్రెలే కాదు, గొర్లు, మేకలు, పందులకు గూడ సూదులేస్తమని చెప్పిండ్రు. 2025 నాటికి రోగాన్ని అదుపు చేసుడు, 2030 నాటికి లేకుండ చేసుడు అని గడువు పెట్టిండ్రు. పసి చెవికి 12 అంకెల పోగు పెట్టి, ఆ నంబరు మీద సూది వివరం ఆన్‌లైన్‌ల ఎక్కించుడు దీంట్ల భాగమే.

కార్యక్రమం మంచిది. నేను వద్దంటలేను. కానీ "మండలంల 80 శాతం పూర్తి" అని కాగితం వచ్చినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంటది: ఏ 80?

ఒక మండలంల వెయ్యి పసులున్నయి అనుకుందాం. రోడ్డు పక్క ఊర్లల్ల 800, అడవి లోపలి గూడేలల్ల 200. రోడ్డు పక్క 760కి సూది పడ్డది, లోపట 40కి పడ్డది. మొత్తం 800. వెయ్యిల 800 అంటె 80 శాతం, కాగితం మీద భేషుగ్గ ఉన్నది. కానీ లోపలి గూడేలల్ల ఎంత? 200ల 40, అంటె 20 శాతం. ఆ గూడేలల్ల వైరస్‌కు తిరిగేటందుకు ఖాళీ జాగ దొరికింది. సగటు నిజమే చెప్పింది, అయినా మోసం చేసింది.

దాని మీద ఇంకో తగ్గింపు ఉన్నది. సూది పడ్డ ప్రతి పసికీ రక్షణ రాదు. మందు ఎండకు తగిలినా, పసి బక్కగ ఉన్నా, మొదటి సూది తర్వాత నెలకు రెండోది పడకపోయినా రక్షణ సరిగ రాదు. నూటిల 80కి సూది పడి, అందుల నూటికి 80 చొప్పున రక్షణ వచ్చిందనుకుంటె, నిజంగ రక్షణ ఉన్నది 64 పసులకే. మిగిలిన 36 వైరస్‌కు దారి. రోగం నిలవాలంటె నూటికి 80కి పైగ నిజమైన రక్షణ ఉండాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

2013ల కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌లల్ల గాలికుంటు పెద్దగ లేచింది, మస్తు పసులు సచ్చినయి. మన ఉమ్మడి రాష్ట్రమంతట అప్పటికే ఏండ్ల నుంచి సూదుల కార్యక్రమం నడుస్తున్నది. సూదుల సంఖ్య ఒకటే సరిపోదని అప్పుడే తెలిసింది.

మూడు రాష్ట్రాల నడుమ ఒక్క మంద

మన దిక్కు ఇంకో ప్రత్యేకం ఉన్నది. 2014ల ఏడు మండలాలను ఆంధ్రల కలిపిండ్రు. భద్రాచలం పట్నం తెలంగాణల ఉన్నది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రల ఉన్నది. చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు అటు పోయినయి. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్. చింతూరు దాటితె కొంట, అది గూడ ఛత్తీస్‌గఢే, ఇంకొంచెం పోతె ఒడిశా.

పసికి ఈ గీతలు తెల్వయి. ఇటు పుట్టిన కోడె అటు మేస్తది. దున్నకాల ముందు ఎడ్లు కొనేటోళ్లు సంతల నుంచి తోలుకొస్తరు, ఆ ఎడ్లు ఏ రాష్ట్రం నుంచి వచ్చినయో అమ్మేటోనికే తెల్వది. 2022 జులైల భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఏ ఊరి మనుషులు, ఏ ఊరి పసులు అనకుండ అందరం ఎత్తు జాగలకే చేరినం. గట్ల ఒక్కతాన కూడినప్పుడు రోగం పాకుడు ఎంత సులువో చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ఆలోచించుండ్రి. సూది రక్షణ ఆరు నెలలు. గోదారికి ఇటు ఒక నెలల ఏసి, అటు నాలుగు నెలల తర్వాత ఏస్తె, ఎప్పుడు చూసినా ఒక దిక్కు మందల రక్షణ తగ్గిపోయి ఉంటది. వైరస్ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గంతులేస్తది. ఊరంత కలిసి ఒక్క పొద్దున చేను చుట్టు కంప కొడితె పందులు రావు. ఒకడు ఇయ్యాల కొట్టి, ఇంకొకడు దసరాకు కొడితె ఏం ఫాయిదా?

వైరస్ ఎంత దూరం పోతదో రెండు ఉదాహరణలు చెప్త. 'ఓ' రకంల ఒక తెగ 1990ల మొదట ఉత్తర భారతంల కనపడ్డది. అది పాకుకుంట పాకుకుంట 2001ల ఇంగ్లండ్‌కు చేరింది. అక్కడ రోగాన్ని ఆపేటందుకు 60 లక్షల పైన పసులను, గొర్లను చంపిండ్రు. రెండోది గాలికుంటు కాదు, పసుల ఒంటి మీద గడ్డలు లేపే లంపీ రోగం. మన దేశంల 2019 ఆగస్టుల ఒడిశాల మొదట కనపడ్డది. మూడేండ్లల్ల రాజస్థాన్, గుజరాత్ దాక పోయింది, 2022ల దేశం మొత్తం మీద లక్షన్నరకు పైగ పసులు సచ్చినయి. ఒడిశా నుంచి గుజరాత్ దాక పోయిన రోగానికి శబరి వాగు, తాలిపేరు వాగు ఒక అడ్డమా?

గాలికుంటు లేని ప్రాంతాలు తయారు చేస్తమని కేంద్రం ఈ మధ్య చెప్పిన రాష్ట్రాల్ల తెలంగాణ, ఆంధ్ర పేర్లు ఉన్నయి. మంచిదే. కానీ ఆ పేరు నిలబడాలంటె హైదరాబాద్ పక్క పాడి ఊర్లల్ల కాదు, చర్ల, గుండాల, చింతూరు అంచునే నిలబడాలె. కుండకు చిల్లి ఏడ ఉంటె నీళ్లు గాడనే కారుతయి.

ఒక రోగాన్ని గెలిచినం, మరిచిపోవద్దు

ఇదంత అయితదా అనేటోళ్లకు ఒక మాట. మన తాతల కాలంల ఊర్లకు ఊర్ల కొట్టాలు ఖాళీ చేసిన ముసర రోగం, రిండర్‌పెస్ట్ అంటరు, ఇయ్యాల భూమి మీద లేదు. మన దేశంల 1954ల దాని మీద కార్యక్రమం మొదలైంది. 1995 తర్వాత దేశంల ఒక్క కేసు లేదు. 2011ల ప్రపంచంలనే పోయిందని ప్రకటించిండ్రు. మనుషుల్ల మశూచి, పసుల్ల ముసర, మనిషి లోకంల లేకుండ చేసిన రోగాలు గివి రెండే.

గాలికుంటు దాని కంటె కష్టం. ముసరకు ఒక్క సూది ఏస్తె ఏండ్ల కొద్దీ రక్షణ, గాలికుంటుకు ఆరు నెలలే. ముసర వైరస్‌ల సూదికి లొంగని రకాలు లేవు, గాలికుంటుకు ఏడు రకాలు. ముసర వచ్చి తగ్గిన పసి వైరస్‌ను దాచుకోలే, గాలికుంటు దాచుకుంటది. ఇవన్నీ నిజమే. కానీ ముసర పోయింది సూదితోటి ఒక్కటే కాదు. చివర్ల ఊరూరు తిరిగి, మంద మంద వెతికి, యాడన్న మిగిలిందా అని చూసిండ్రు. గా వెతుకుడే మనకు ఇయ్యాల కావాల్సింది.

మనం అడగాల్సినయి

ఒకటి, గూడెం వారీ లెక్క. మండలం సగటు వద్దు. మా గూడెంల ఎన్ని పసులు, ఎన్నిటికి సూది, ఎప్పుడు? గ్రామసభల చదవాలె.

రెండు, రక్తం లెక్క. సూది ఏసే ముందు, ఏసినంక నెలకు నమూనాలు తీసేటప్పుడు అడవి లోపలి గూడేలను గూడ చేర్చాలె. దూడల ఈడు పసులను చూడాలె. ఫలితం ఏమొచ్చిందో మాకు చెప్పాలె. మా పసి రక్తం తీసుకున్నంక దాని కబురు మాకు తెల్వకుంటె ఎట్ల?

మూడు, ఒక్కసారే సూది. భద్రాద్రి కొత్తగూడెం, గోదారి అవతలి ఆంధ్ర మండలాలు, సుక్మా, బీజాపూర్ జిల్లాలు ఒకే నెలల సూదులెయ్యాలె. వానలు పడకముందు ఒకసారి, పంట కోతలైనంక ఒకసారి. వాగులు పొంగినంక ఎవరూ రాలేరు.

నాలుగు, సూది ఏసే టైము. పగటీలి పదకొండుకు గూడెంకొస్తె మంద అడవిల ఉంటది. తెల్లారకముందు, కొట్టంల ఉన్నప్పుడే రావాలె. దానికి గూడెం పిల్లలకే శిక్షణ ఇచ్చి, కూలి ఇచ్చి పెట్టుకోవాలె. కోయ భాష వచ్చినోడు చెప్తె "చెవి పోగు లోన్ కోసం కాదు, పన్ను కోసం కాదు" అనే మాట నమ్ముతరు.

అయిదు, సంత. పెసా చట్టం 1996 నుంచి ఉన్నది. షెడ్యూల్డ్ ప్రాంతంల ఊరి సంతల నిర్వహణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని గా చట్టం చెప్తది. చొంగ కార్చే పసిని, కుంటే పసిని సంతల దిగనియ్యమని తీర్మానం చేసే హక్కు మనది. ఆ హక్కు వాడుకుందాం.

మనం చెయ్యాల్సినయి

కొత్త ఎద్దు తెస్తె మూడు వారాలు మందల కలపొద్దు, ఏరుగ కట్టెయ్యుండ్రి. నీళ్ల తొట్టి గూడ ఏరుగ పెట్టుండ్రి. చొంగ కనపడ్డా, కుంటినా, దూడ దిగ్గున సచ్చినా చెప్పుండ్రి. 2009ల వచ్చిన పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం రోగం అనుమానం వస్తె పంచాయతీకి చెప్పుడు పశువు యజమాని బాధ్యత, డాక్టర్‌కు చేరేసుడు పంచాయతీ బాధ్యత. 1962 నంబరుకు ఫోన్ చెయ్యుండ్రి. మీ చేతిల ఫోన్ ఉన్నది గదా, నోరు, గిట్టలు ఫొటో తీసి, తారీకు రాసి పెట్టుకోండ్రి. గూడెంకు ఒక నోట్‌బుక్కు పెట్టుండ్రి. ఏ ఇంటి పసికి ఎప్పుడు సూది, ఎప్పుడు రోగం అని రాసుకుంటె కంటి లెక్క కాగితం మీదికొస్తది.

రోగం వచ్చిన పసిని నీడల, పొడి జాగల కట్టెయ్యుండ్రి. జావ, మెత్తటి గడ్డి పెట్టుండ్రి. పుండ్లను లేత గులాబి రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతోటి కడుగుండ్రి, ఈగ వాలకుండ చూడుండ్రి. రోగం వచ్చిన తల్లి పాలు దూడకు తాపొద్దు. కొట్టం నేలను, తాళ్లను పది లీటర్ల నీళ్లల్ల 400 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కడిగితె వైరస్ సస్తది. దానికి ఖర్చు ఎక్కువ కాదు. రోగం పసిని చూసిన చేతులతోటి, చెప్పులతోటి ఇంకొకరి కొట్టంలకు పోవద్దు. నెలలు నిండిన చూడి పసికి సూది ఎప్పుడెయ్యాలె అనేది డాక్టర్‌నే అడుగుండ్రి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పోడు భూమి దున్నేది ట్రాక్టర్ కాదు, ఎడ్ల జత. తొలకరి పడ్డ వారంల ఎద్దు కుంటితె ఆ ఏడు విత్తనం ఆలస్యం, పంట ఆలస్యం, అప్పు ముందు. ఒక ఎద్దు పది దినాలు పడుకుంటె పసికి పుండు, ఇంటికి ఆకలి. "మా ఊర్ల రోగం లేదు" అని చెప్పే ముందు ఎవరు లెక్క తీసిండ్రు, ఎన్ని పసుల్ని చూసిండ్రు, ఏ గూడెంల చూసిండ్రు అని అడుగుదాం. వచ్చే గ్రామసభల మొదటి ప్రశ్న ఇదే పెట్టుండ్రి. జవాబు రాకపోతె మన నోట్‌బుక్కు తీసి మనమే చదువుదాం.